అక్క వేలు, బావ యంత్రం

మా బావ ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చుంటే తోచే మనిషి కాదు. పాత రేడియోలు, టీవీలు విప్పి, విడిభాగాలు ఏరి, సొంతంగా మైక్రోప్రాసెసర్ యంత్రం కట్టడానికి పూనుకున్నాడు. కట్టింది ఎక్కడనుకున్నారు? దర్జీ పని చేసే మా అక్క బట్టలు కత్తిరించే బల్ల మీద! నాలుగు నెలలుగా నేల మీద వంగి కత్తిరించి ఆమె నడుము పట్టేసింది.

"ఆదివారం పన్నెండింటికల్లా ఆ దీపాలు వెలగకపోతే మొత్తం పాత సామాన్లవాడికే," అని అక్క తేల్చి చెప్పేసింది.

యంత్రం చేయాల్సిన ఘనకార్యం ఎనిమిది బుల్లి దీపాలను వరసగా వెలిగించడం. దానికి క్లాక్ కావాలి. డ్రిల్లు మాస్టారి ఈలకు పిల్లలు అడుగేసినట్టు, క్లాక్ టిక్కుమన్నప్పుడల్లా మైక్రోప్రాసెసర్ ఒక అడుగు వేస్తుంది. బావ మొదట చేత్తో స్విచ్చు నొక్కి చూశాడు. ఒక్కసారి నొక్కితే నాలుగు టిక్కులు పడ్డాయి. టైమర్ చిప్పు పెడితే ఎండెక్కే కొద్దీ లయ తప్పింది. చివరికి పాత టీవీలోంచి, లయ తప్పకుండా టిక్కులిచ్చే క్రిస్టల్ ఒకటి పీకి పెట్టాడు.

ఆదివారం పదకొండింటికి నేను వెళ్లేసరికి దీపాల్లో చలనం లేదు. బావ ముఖం చూస్తే జాలేసింది.

"ఊడిందేమో చూసుకోరూ!" అంటూ అక్క చిరాగ్గా క్రిస్టల్ మీద వేలు పెట్టింది. దీపాలు పరుగందుకున్నాయి. వేలు తీసింది. ఆగిపోయాయి.

"తియ్యకే! నీకు పుణ్యముంటుంది!" అని బావ కేకపెట్టాడు.

"ఎంతసేపండీ?"

"నేను కనిపెట్టేదాకా!"

అరగంట పాటు అక్క వేలు పెట్టి కూర్చుంది, రెండో చేత్తో కాఫీ తాగుతూ, ఆయన్ని తిడుతూ. బావ పుస్తకం తిరగేసి తల పట్టుకున్నాడు. క్రిస్టల్ కాళ్లకు పెట్టాల్సిన, రవ్వంత కరెంటు పట్టి ఉంచే రెండు చిన్న కెపాసిటర్లు పెట్టనేలేదు. మనిషి ఒళ్లూ రవ్వంత కరెంటు పట్టి ఉంచుతుంది కాబట్టి వాటి పని అక్క వేలు చేస్తోంది. 'అవి లేకపోయినా నడుస్తుందిలే' అని వదిలేసింది ఈ మహానుభావుడే.

కరెంటు ఆపి, ఆ రెండూ అతికించి, పన్నెండుకు ఐదు నిమిషాలుండగా మీట వేశాడు. అక్క చెయ్యి అలవాటుగా ముందుకెళ్లింది.

"వద్దు, చూద్దాం," అన్నాడు బావ.

దీపాలు వాటంతటవే పరుగెత్తాయి. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అక్కే. నాకు భలే సంతోషమేసింది.

తర్వాత ఆమె సుద్దముక్క తెచ్చి బల్ల మధ్యన గీత గీసింది.

"అటు సగం మీది, ఇటు సగం నాది. గీత దాటారో, ఊరుకోను!"

కత్తిరింపులో నూలుపోగంత తేడా రానివ్వని మా అక్క గీసిన ఆ గీత, తన వైపుకే నాలుగంగుళాలు జరిగి, బావ సగాన్ని పెద్దది చేసింది.