కాలు నిలవని లుపేర్సియో మాస్టారు

మా అక్క కాసిల్దా పెళ్లి విందులో పెళ్లికొడుకు మాయమయ్యాడు. మేకమాంసం వడ్డన మొదలైంది, అకార్డియన్ వాయించేవాళ్లు సర్దుకుని కూర్చున్నారు, బయట సన్నగా తుంపర పడుతోంది. చూస్తే లుపేర్సియో కుర్చీ ఖాళీ. మా అమ్మ నావైపు ఒక చూపు చూసింది. అప్పటికి నేను చక్కెర మిల్లులో లారీ డ్రైవరుగా కొత్తగా చేరాను. తాళాలు తీసుకుని బయల్దేరాను.

ఎక్కడుంటాడో ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. మిల్లు వెనక బేస్‌బాల్ మైదానంలో, పెళ్లి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బంతి విసిరే దిబ్బ మీద చెరకు పిప్పి పరుస్తున్నాడు.

"బావా, అక్కడ కేకు కొయ్యాలి."

"రేపు పొద్దున్నే మ్యాచ్ ఉంది బామ్మర్దీ. దిబ్బ నానిందంటే పిల్లాడి కాలు జారుద్ది. ఆ గోనెసంచి ఇటందుకో."

అందించాను. ఇద్దరం బురద కాళ్లతో విందుకు తిరిగొచ్చాం. అక్క మమ్మల్ని పైనుంచి కింద దాకా చూసి, "రేపు గెలవకపోయావో, నేను పుట్టింటికి పోతా. ముందే చెప్తున్నా," అంది. మర్నాడు గెలిచారు. అక్క ఉండిపోయింది.

మా సాంత ఎల్విరాలో చెరకు కోత నడిచినన్నాళ్లూ ఊరు మిల్లు కూతతో లేచి మిల్లు కూతతో పడుకునేది. కోత అయిపోతే పని లేదు. మగాళ్లంతా కొట్టు ముందు చేరి డొమినో పలకలు బల్ల మీద కొట్టుకుంటూ వానాకాలం వెళ్లదీసేవారు. బావ వల్ల అది అయ్యేది కాదు. రెండు ఆటలు ఆడేసరికి కాళ్లు ఊపడం మొదలుపెట్టేవాడు, మూడో ఆటకి లేచిపోయేవాడు. ఒకప్పుడు మిల్లు జట్టుకి బంతి విసిరేవాడు. రాజధాని జట్టు వాళ్లు చూసి రమ్మన్నారు కూడా. వెళ్లే ముందు భుజంలో ఏదో తెగింది. ఇరవై రెండేళ్ల వయసులో కుడిచేత్తో కాఫీ కప్పు నోటిదాకా తెచ్చుకోవడానికి ఎడంచేత్తో మోచేతికి ఆసరా ఇచ్చుకునేవాడు. ఆ ఏడు వానాకాలంలోనే, వీధుల్లో కర్రలతో సీసా మూతల్ని కొడుతూ తిరిగే పిల్లల్ని పోగేసి మైదానానికి తోలుకెళ్లాడు.

గ్లవ్‌లు లేవు. మిల్లులో పాతబడిన గుడ్డ బెల్టులు కోసి అక్క కుట్టింది. బంతులు మేజోళ్లు, దారం, టేపుతో చుట్టినవి. మైదానంలో ఆవులు మేసేవి. పరుగు తీసేవాళ్లు తాకి పోవాల్సిన మూడో బేసు దగ్గర ఒక ముసలి ఎద్దు పడుకుంటే లేచేది కాదు, దాని చుట్టూ తిరిగి పరిగెత్తేవారు. అలాంటి చోటునుంచి వచ్చిన పదమూడేళ్ల లోపు పిల్లలు ముందు జిల్లాలో, తర్వాత దేశంలో కప్పు కొట్టారు. రాజధాని పిల్లలు తెల్ల బూట్లతో వచ్చేవారు. మా వాళ్లు నా చెరకు లారీలో వచ్చేవారు, ఒంటి నిండా బెల్లం వాసనతో.

గెలిచిన రోజు చూడాలి ఆయన్ని. పిల్లలు లారీలో నిలబడి పాటలు పాడుతూ గిన్నెలు వాయిస్తుంటే, ఈయన నా పక్కసీటులో గోళ్లు కొరుక్కుంటూ గొణుగుతుండేవాడు. "రెండో బేసు కాసేవాడు బంతి వచ్చాక కదుల్తున్నాడు. వచ్చేలోపే కదలాలి. రేపు చీకటితోనే వాణ్ణి లేపాలి."

"బావా, కప్పు మన ఒళ్లో ఉంది. చూస్కో ఒకసారి."

"చూశాలే. బండి తొందరగా పోనీ."

అక్క మైదానం గట్టు మీద పొయ్యి పెట్టి యానికేకెలు వేయించేది. వేడి నూనెలో పొంగే ఆ పిండి రొట్టెల కోసం అవతలి జట్టువాళ్లు కూడా వరసలో నిలబడేవారు. ఎవరైనా "మీ ఆయన గొప్పవాడమ్మా" అంటే, "నిజమే, ఓ వారం తీసుకెళ్లి మీ ఇంట్లో పెట్టుకోండి," అనేది.

కొన్నేళ్లకు ఆటగాళ్లని కొనేవాళ్లు రావడం మొదలైంది. నల్లకళ్లద్దాలు, చేతిలో స్టాప్‌వాచీ. ఉత్తరాన ఉన్న పెద్ద దేశం జట్ల కోసం కుర్రాళ్లను ఏరుకుపోయేవారు. బావ చేతికింద ఆడినవాళ్లలో ఇద్దరు ముగ్గురు నిజంగానే పెద్ద జట్లలోకి వెళ్లారు. దాంతో ఆయన మాటకి విలువ పెరిగింది. తండ్రులు రమ్ము సీసాలు పట్టుకుని ఇంటికొచ్చి, "మావాడి సంగతేంటి మాస్టారూ?" అని అడిగేవారు. ఆయనా చెప్పేవాడు. నమ్మే చెప్పేవాడు.

నెల్ఫి విషయంలో ఆయనకి అసలు అనుమానమే లేదు. బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్ వాడు. ఎంత వేగంగా వచ్చిన బంతైనా వాడి గ్లవ్‌లో చప్పుడు లేకుండా ఆగేది. తల్లి సాబినా రోడ్డు మలుపులో చేపలు వేయించి అమ్మేది. భర్త లేడు. ఒకరోజు ఆ పొయ్యి దగ్గర, పదిమంది వింటుండగా బావ అన్నాడు: "సాబినా, నీ కొడుకు పెద్ద స్టేడియంలో, పెద్ద లైట్ల కింద ఆడతాడు. నా మాట రాసిపెట్టుకో."

పదిహేడేళ్లకు నెల్ఫి ఒక పెద్ద జట్టుకి ఎంపికై వెళ్లాడు. ఊరంతా రోడ్డు మీదికొచ్చి సాగనంపింది. నాలుగేళ్ల తర్వాత, కోత ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, మలుపు దగ్గర బస్సు దిగి ఒక్కడే నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. రెండు మోకాళ్లకీ కుట్లు. ఇక అక్కర్లేదన్నారట. అంత చెప్పి, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

బావ వెళ్లాడు. నేనూ ఉన్నాను. నెల్ఫి మంచం మీంచి లేవలేదు.

"ఏరా, ఎలా ఉన్నావు?"

"మా అమ్మతో ఏమన్నారో గుర్తుందా మాస్టారూ?"

"గుర్తుంది."

"మరి ఏవండీ లైట్లు?" వాడు గొంతు పెంచలేదు. "బళ్లో ఐదు దాటలేదు నేను. బంతి పట్టడం ఒక్కటే నేర్పారు. నిన్న కొట్టుకెళ్తే నా డబ్బు తీసుకుని ఎంత తిరిగిచ్చాడో సరిచూసుకోవడం కూడా రాలేదు నాకు. పోండి. మీకు ప్రాక్టీసుకి టైమైంది."

నిజంగానే ప్రాక్టీసు టైమే. ఆ రోజు బావ మైదానానికి వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. ఆ ఏడు జట్టే లేదన్నాడు.

ఇక మొదలైంది తిరుగుడు. తన దగ్గర ఆడి, ఆ జట్ల కోసం వెళ్లి, తిరిగొచ్చిన వాళ్లందరి ఇళ్లకీ తీసుకెళ్లమని నన్ను పట్టుకున్నాడు. ఒకడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. ఒకడు మోటారుసైకిలు మీద సవారీలు కొడుతున్నాడు. ఒకడు మమ్మల్ని కిటికీలోంచి చూసి తలుపు తియ్యలేదు. ఇంకొకడు సంతోషంతో ఉక్కిరిబిక్కిరైపోయి, చిక్కుడుగింజల కూర, అన్నం పెట్టి, "నా బతుకులో బాగున్న రోజులంటే మీ దగ్గరున్నవే మాస్టారూ," అన్నాడు. బావ సగంలోనే లేచాడు. లారీ ఎక్కాక, "వీడికి ఇరవై ఆరేళ్లు. బాగున్న రోజులు అప్పుడే అయిపోయాయంటాడేంట్రా?" అన్నాడు. నేను గేరు మార్చాను.

ఇంట్లో ఇంకా ఘోరం. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి. బాగున్న కుర్చీ కాళ్లు ఊడదీసి మళ్లీ బిగించేవాడు. చివరికి అక్క గరిటె విసిరికొట్టింది. "నాయనా, మైదానానికన్నా పో, పిచ్చాసుపత్రికన్నా పో. నా పొయ్యి చుట్టూ మాత్రం తిరక్కు!"

ఆయన్ని కదిలించింది సాబినా. ఒక సాయంత్రం చేపల వాసనతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం, ఇంట్లో గాజులేసుకుని కూర్చున్నావా లుపేర్సియో? పిల్లలంతా రైలుపట్టాల మీద పడి కదిలే బళ్లలోంచి చెరకు లాగుతున్నారు. ఒకడి కాలు పోతే అప్పుడొస్తావా?"

"నీ కొడుక్కి నేను చేసింది..."

"నా కొడుక్కి మోకాళ్లు పోయాయి. నువ్వు ఇంట్లో పడుంటే అతుక్కుంటాయా? లైట్ల మాట నువ్వన్నావు, నమ్మింది నేను. నా తప్పూ ఉంది. ఆ మాట ఇంకే తల్లితోనూ అనకు. నేనడిగేది అదొక్కటే. పో, రేపట్నుంచి పో."

మర్నాడు వెళ్లాడు. కానీ పద్ధతి మారింది. బడినుంచి పుస్తకాల సంచితో నేరుగా మైదానానికి రావాలి. సంచి లేనివాడికి బ్యాట్ లేదు. పిల్లలు మొదట్లో ఖాళీ సంచుల్లో పాత న్యూసుపేపర్లు కుక్కుకొచ్చి మోసం చేశారు. ఆయన సంచి విప్పి చూడటం మొదలుపెట్టాడు. కొనేవాడొకడు వచ్చి ఒక పిల్లాణ్ణి చూపించి, "వీడు పైకొస్తాడా?" అనడిగితే, "రేపు బడికొస్తాడు. నాకు తెలిసిందంతే," అన్నాడు. ఇలాంటి జవాబులు విసుగెత్తి కొందరు తండ్రులు పిల్లల్ని వేరేచోట చేర్పించారు. కొన్నేళ్లు ఓడాం. ఓటమికి ఆయన ప్రాణం గిలగిల్లాడేది. నిద్రలో కూడా కాళ్లు కదులుతున్నాయని అక్క చెప్పేది. అయినా లైట్ల మాట మళ్లీ ఎత్తలేదు. మెల్లగా మళ్లీ గెలవసాగారు.

నెల్ఫి ఇంటికి వెళ్లడం మాత్రం మానలేదు. గుమ్మం దగ్గరే అటూ ఇటూ తిరుగుతూ ఆదివారం మ్యాచ్ సంగతులు చెప్పేవాడు. వాడు గోడవైపు తిరిగి వినేవాడు. కొన్నాళ్లకి వాడే తల్లి చేపల తట్ట మోసుకుని మైదానానికి రావడం మొదలుపెట్టాడు, ఆట చూడనట్టే.

ఒక ఆదివారం అంపైర్ రాలేదు. అవతలి జట్టు వెళ్లిపోతామంది. బావ గట్టువైపు వేలు చూపించాడు. "నెల్ఫి నిలబడతాడు."

అవతలి కోచ్ నవ్వాడు. "భలేవాడివే! వాడు నీ పిల్లాడు. నీవైపే చెప్తాడు."

నెల్ఫి తట్ట కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది. కుంటుకుంటూ వచ్చి అంపైర్ ఇనపతీగల ముసుగు తగిలించుకున్నాడు. ఆ రోజు అటో ఇటో తేలని బంతి ప్రతి ఒక్కటీ మాకు వ్యతిరేకంగానే చెప్పాడు. బావ టోపీ అంచు నమిలేశాడు. ఓడాం. ఇంటికొస్తూ, "గుడ్డి వెధవ," అని తిట్టాడు. మలుపు దాటాక, "కానీ ఎక్కడ నిలబడాలో తెలుసు వాడికి," అన్నాడు. తర్వాత నెల్ఫి రాజధానికి వెళ్లి అంపైరింగు నేర్చుకొచ్చాడు. వారమంతా ఐసు బండి తోలేవాడు, శని ఆదివారాలు మా జిల్లా అంతా తిరిగి మ్యాచ్‌లు నడిపేవాడు.

మిల్లు మూతపడిన కొన్నేళ్లకి జిల్లా ఫైనల్ జరిగింది. మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోయినట్టే. మావాడు మూడో బేసునుంచి పరిగెత్తుకొచ్చి, పరుగు పూర్తయ్యే హోమ్ దగ్గర తెల్ల రబ్బరు పలక మీదికి కాళ్లు చాపి జారాడు. దుమ్ము లేచింది. దుమ్ములోంచి నెల్ఫి పిడికిలి పైకి లేచింది. అవుట్.

బావ దూసుకెళ్లాడు. అప్పటికి అరవై దాటింది, ఆ వేగం ఎక్కణ్ణుంచొచ్చిందో.

"కళ్లున్నాయా నీకు? బంతికంటే కాలు ముందు తగిలింది!"

"తగల్లేదు మాస్టారూ."

"నీకు ఆట నేర్పింది నేనురా!"

"నేర్పింది మీరే. అవుట్ చెప్పింది నేను. వెళ్లి నిలబడండి."

బావ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. చాలక, కాలితో ఆ పలక నిండా దుమ్ము తోశాడు. నెల్ఫి నడుము వంచి, జేబులోంచి చిన్న బ్రష్ తీసి, పలకని తీరిగ్గా శుభ్రంగా తుడిచాడు. లేచి, గేటువైపు చెయ్యి చాపాడు. "బయటికి."

అన్నేళ్లలో ఏ అంపైరూ లుపేర్సియో మాస్టార్ని బయటికి పంపలేదు. ఆయన పోయాడు, కానీ వచ్చి, మిల్లు మూసేటప్పుడు నేను కొనుక్కున్న పాత లారీ క్యాబిన్ మీదికెక్కి నిలబడి, గోడ పైనుంచి అరవడం మొదలుపెట్టాడు. పడిపోతాడని నేను కాళ్లు పట్టుకున్నాను. "వదలరా!" అంటూ నన్ను కూడా తిట్టాడు. ఆట అప్పటికే అయిపోయిందని ఆయనకి చెప్పడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు.

సాయంత్రం నెల్ఫి తల్లిని వెంటబెట్టుకుని, వేయించిన చేపలతో ఇంటికొచ్చాడు. బావ పళ్లెం తీసి బల్ల మధ్య పెట్టి, చెంచా అడ్డంగా పడేసి, "ఇదీ పలక. ఇదీ పిల్లాడి కాలు. చెప్పు," అన్నాడు. నెల్ఫి చెంచాని రెండంగుళాలు వెనక్కి జరిపాడు. బావ ముందుకి జరిపాడు. వాడు వెనక్కి. సాబినా, మా అక్క చేపలు తినేసి ముళ్లు కూడా పారేశారు, వీళ్ల గొడవ తెగలేదు. "ఆ పళ్లెం ఇలా ఇవ్వండి, కడగాలి," అని అక్క లాక్కున్నాక గానీ ఆగలేదు.

మర్నాడు బండిలో బావ నన్నడిగాడు, "నువ్వు పక్కనుంచి చూశావుగా. తగిలిందా?"

"తగల్లేదు బావా."

కిటికీ అద్దం దింపి మళ్లీ ఎత్తాడు. "అవున్లే. తగల్లేదు. వాడితో అనకు."

తర్వాత కూడా చాలా ఏళ్లు జట్టుని నడిపాడు. కంటిలో పొర కమ్మి బంతి కనపడక, మాటిమాటికీ తనవాడనుకుని అవతలి పిల్లాణ్ణి మెచ్చుకోవడం మొదలయ్యాక, ఆయన దగ్గర ఆడినవాళ్లే ఇద్దరు వచ్చి పగ్గాలు తీసుకున్నారు. ఒకడు బళ్లో లెక్కలు చెప్తాడు. ఇప్పుడు పొద్దున్నే ఆరేడేళ్ల బుడతలు బావ వెంట మైదానానికి పోతారు. వాళ్లకి బంతిని నాలుగడుగులు విసరడం తప్ప ఇంకేం రాదు, ఆయనకి కనపడేదీ ఆ నాలుగడుగులే. పదకొండింటికి అక్క వెళ్లి భోజనానికి పిలుస్తుంది. "ఇంకొక్క బంతి," అంటాడు. అక్క చేతులు నడుముకి ఆనించి గట్టు మీద నిలబడుతుంది, ఆయన ఆ ఒక్క బంతితో ఆగడని తెలిసే.