ముందు వాటిని ఊపిరి పీల్చుకోనివ్వు

మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసేసరికి నేను ఒక దూడకి జ్వరం చూస్తున్నాను. చేతులకి గ్లవ్స్ ఉండి ఫోన్ తియ్యలేకపోయాను. పది నిమిషాల తర్వాత నేనే చేశాను.

"మీ సార్ పోయారమ్మా. కాఫీ కలిపి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందట," అన్నారు ఆంటీ. మళ్ళీ తనే, "పనిలో ఉన్నట్టున్నావ్. అది ముగించుకునే రా. మధ్యలో వదిలేసి వస్తే ఆయనకి నచ్చదు," అన్నారు.

ముగించుకునే వెళ్ళాను.

సార్ గుంటూరు వైపు నుంచి వచ్చిన పశువుల డాక్టర్. నలభై ఏళ్ళకు పైగా అమెరికాలో, నెబ్రాస్కా ఫీడ్‌లాట్లలోనే పనిచేశారు. మాంసం కోసం పెంచే పశువుల్ని చివరి నెలల్లో వేలకొద్దీ ఒకచోట చేర్చి మేపే దొడ్లవి. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చే ఏడెనిమిది నెలల దూడలకి అక్కడ పెద్ద శత్రువు ఊపిరితిత్తుల జబ్బు. తల్లిని వదిలిన బెంగ, ప్రయాణం బడలిక, కొత్త మంద, దుమ్ము, చలి అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. నేను తిరుపతిలో చదువుకుని, ఇక్కడి పరీక్షలు పాసై, మొదటి ఉద్యోగానికి ఆయన దగ్గరే చేరాను.

గుడిలో కలిసినవాళ్ళు ఆయన్ని ఎప్పుడూ ఒకటే అడిగేవారు. ఒకసారి ప్రసాదాల దగ్గర ఒక పెద్దాయన నా ఎదుటే అడిగేశారు. "మీరు హిందువై ఉండి ఆ పని ఎలా చేస్తున్నారండీ? ఎలాగూ కోసేవాటికి వైద్యం ఎందుకు?"

సార్ పులిహోర తింటూనే, "కోసేది ఇంకో ఆర్నెల్లకండీ. అందాకా ఊపిరాడక గిలగిల్లాడాలా?" అన్నారు. అందులో కోపం లేదు. ఆయన జీవితాంతం గొడ్డుమాంసం ముట్టలేదు, తినేవాళ్ళని ఒక్క మాటా అనలేదు. కౌబాయ్‌లతో ఒకే బల్ల దగ్గర కూర్చుని పెరుగన్నం తినేవారు.

పొద్దున్నే మేత వెయ్యకముందే దొడ్డి పక్కన ట్రక్ ఆపి, ఇంజన్ కట్టేసి కూర్చోవడం ఆయన అలవాటు. మనిషి దగ్గరికొస్తే జబ్బు దూడ కూడా తల ఎత్తి బాగున్నట్టు నిలబడుతుంది, భయంతో. అందుకే దూరం నుంచి చూసేవారు. మేత పడ్డాక తొట్టి దగ్గరికి రానిదెవరు, చెవులు వేలాడేసిందెవరు, డొక్కలు లోపలికి పోయిందెవరు. "మందు పని మందు చేస్తుందమ్మా. దాన్ని ఎప్పుడు ఇవ్వాలో చూడ్డమే మన పని," అనేవారు.

నేను చేరిన మొదటి అక్టోబర్‌లో ఆయన కూతురి పురుటికని వాళ్ళ ఊరు మోరిస్‌విల్ వెళ్ళారు. అదే వారం ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల నుంచి రెండు లారీల దూడలొచ్చాయి. ఒక రోజంతా నిలబడి ప్రయాణం చేసినవి, పైగా వానలో తడిసినవి. దించగానే టీకాలు, కొమ్ములు తియ్యడం, విత్తులు కొట్టడం అన్నీ ఆ పూటే అయిపోవాలన్నాడు మేనేజర్. కొత్తదాన్ని, సరేనన్నాను.

నాలుగోరోజుకి దొడ్డి నిండా దగ్గు. సార్‌కి ఫోన్ చేస్తే మర్నాడే దిగిపోయారు. నన్ను ఏమీ అనలేదు. జ్వరమున్న దూడలన్నిటికీ మెడ దగ్గర ఇంజక్షన్లు ఇచ్చాం. రెండో రోజుకీ కొన్ని తల ఎత్తలేదు. "డాక్, ఇంకో డోసు కొట్టండి. చచ్చిపోతున్నాయి," అని మేనేజర్ నా వెంటపడ్డాడు. సిరంజి చేతిలోకి తీసుకున్నాను కూడా.

"ఆ మందు ఎన్నాళ్ళు పనిచేస్తుంది?" అని అడిగారు సార్.

"వారం దాకా సార్."

"ఇవాళ ఎన్నో రోజు?"

సిరంజి కింద పెట్టేశాను.

తొమ్మిది దూడలు పోయాయి. మొదటిదాన్ని ఆయనే కోసి, నా చెయ్యి పట్టుకుని ఊపిరితిత్తి మీద పెట్టారు. స్పాంజిలా మెత్తగా ఉండాల్సింది కార్జంలా గట్టిపడి, నల్లెరుపుగా ఉంది. నేను ఏడ్చాను. "ఏడిస్తే ఏడువు, చెయ్యి మాత్రం తియ్యకు. ఇది గుర్తుండాలి," అన్నారు. మేనేజర్ వచ్చి, తను తొందరపెట్టిన సంగతే మరిచి, దించిన పూటే అన్నిటికీ ఒప్పుకున్నదెవరని గట్టిగా అడిగితే, "ఇక్కడ పెద్ద డాక్టర్ని నేను. నన్నడుగు," అన్నారు. ఆ రోజు అక్కడ లేని మనిషి ఆ తప్పు తన మీద వేసుకున్నారు. తర్వాత ట్రక్‌లో నాతో, "దించగానే నీళ్ళు, ఎండుగడ్డి, పడుకోడానికి పొడి చోటు. కత్తులూ సూదులూ తర్వాత. ముందు వాటిని ఊపిరి పీల్చుకోనివ్వు," అన్నారు.

పది రోజులకి ఇంకో లారీ వచ్చింది. మేనేజర్ మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు. ఈసారి కుదరదన్నాను. అతను సార్ వైపు తిరిగాడు.

"డాక్టర్ ఆవిడ. ఆవిణ్ణే అడుగు," అని సార్ వెళ్ళి ఎండుగడ్డి మోపు తాళ్ళు కోయడం మొదలుపెట్టారు.

ఆ మందలో అసలు జబ్బే రాలేదని చెప్పను. కొన్నిటికి వచ్చింది, రెండు పోయాయి. మిగిలినవి కోలుకుని మేతకి వచ్చాయి. ఆ తర్వాత మేనేజర్ లారీ వస్తుందంటే ముందు నాకే ఫోన్ చేసేవాడు. సార్ అంత్యక్రియలకి బూట్లు తుడుచుకుని, టోపీ చేతిలో పట్టుకుని వచ్చి, చివరిదాకా వెనక వరసలో నిలబడ్డాడు.

రిటైరయ్యాక కూడా సార్ ఎప్పుడైనా ఒకసారి వచ్చి వెళ్ళేవారు. ఆఖరిసారి వచ్చింది ఈ ఏడు సెప్టెంబర్‌లో. మోకాళ్ళ నొప్పులు, అయినా దొడ్లోకి వస్తానన్నారు. మధ్యకి వెళ్ళి కదలకుండా నిలబడ్డారు. దూడలు మొదట దూరంగా పారిపోయాయి. తర్వాత ఒక్కొక్కటే మెడలు చాచి, ముక్కులు ఎగబీలుస్తూ దగ్గరికొచ్చి చుట్టూ చేరాయి. ఒక నల్ల దూడ ఆయన కోటు చేతిని నాకి, అంచు నోట్లోకి తీసుకుని నమలడం మొదలుపెట్టింది. తోలడానికి నేను ముందుకెళ్ళాను.

"ఉండనీమ్మా," అన్నారు సార్, చెయ్యి కదపకుండా. "దీనికేం జబ్బు లేదు."