హెల్మెట్‌కి కట్టిన ఎర్రతాడు

మా ఆయనకి హెల్మెట్లు మూడు, తల ఒక్కటి. ఆ ఒక్క తలని కాపాడుకోవడానికి నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొదటి హెల్మెట్ తెల్లది. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం. అక్కడ హెల్మెట్ లేకపోతే గేటు దాటనివ్వరు కాబట్టి బుద్ధిగా పెట్టుకుంటారు. పెట్టుకోవడమే కాదు, లోడింగుకి వచ్చిన లారీ డ్రైవరు ఎవరైనా ఉత్త తలతో కిందికి దిగితే, మళ్లీ బండెక్కించి, హెల్మెట్ పెట్టుకున్నాకే దిగనిస్తారట. ఈ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెబుతారు. చెబుతున్నంతసేపూ వాకిట్లో ఆయన మోటారుసైకిల్ హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతూనే ఉంటుంది.

అదే రెండోది, నల్లది. మా ఇల్లు జగ్గయ్యపేటలో, నేను పాఠాలు చెప్పే బడి నందిగామలో. ఆయనకి మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో నన్ను బండి మీద దింపుతారు. హైవే మీద సిమెంటు లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే చీర కొంగే కాదు, మనిషే లేచిపోయేట్టు ఉంటుంది. నా హెల్మెట్ నేను ఇంట్లోనే పెట్టుకుని బయల్దేరతాను, జడలో పూలు నలిగితే నలగనీ. ఆయనది మాత్రం అద్దానికి ఊగుతూ వస్తుంది. నందిగామ దగ్గర పడుతుందనగా బండి పక్కకి ఆపి తలకి తగిలిస్తారు. పోలీసుల కెమెరా దాటగానే తీసేస్తారు.

"కెమెరాకి కనపడితే చాలా, యముడికి అక్కర్లేదా?" అని అడిగానొకసారి.

"పొద్దున్నే ఆ మాటలేంటి," అన్నారు. అంతే.

మూడోది నీలంది. అసలు గొడవంతా దాని దగ్గరే వచ్చింది.

ఆ మధ్య ఆయన ఫ్యాక్టరీ పని మీద తూత్తుకుడి వెళ్లారు. పని అయిపోయాక ఊరికే రాకుండా సముద్రం ఒడ్డుకి వెళ్లి, అక్కడ ఎవరో కైట్‌బోర్డింగ్ చేస్తుంటే చూసి, మనసు పారేసుకుని వచ్చారు. తర్వాత సెలవు పెట్టి మరీ వెళ్లి నేర్చుకున్నారు. ఎవరో వాడి వదిలేసిన సామానంతా పెద్ద సంచిలో వేసుకుని రైల్లో తెచ్చారు. నలభై దాటిన మనిషి, రెండు మెట్లెక్కితే మోకాలు పట్టుకునే మనిషి.

కైట్‌బోర్డింగ్ అంటే ఏమిటో మా వీధిలో అందరికీ అరటిపండు ఒలిచినట్టు చెప్పే పని నా మీద పడింది. నడుముకి వెడల్పాటి బెల్టు, కాళ్ల కింద పొట్టి బల్ల, పైన ఆకాశంలో గది పైకప్పంత గాలిపటం. గాలి గాలిపటాన్ని లాగుతుంది, గాలిపటం మనిషిని లాగుతుంది, మనిషి నీళ్ల మీద జారుకుంటూ పోతాడు. ఇంతా విని పక్కింటి పిన్నిగారు, "అయితే మీ ఆయన గాలిపటం ఎగరేస్తాడన్నమాట. పిల్లకాయలు లేని వేళ చూసి ఎగరెయ్యమనమ్మా, చూస్తే నవ్వుతారు," అన్నారు.

ఆషాఢం వచ్చింది. మా వైపు ఆషాఢం గాలి సంగతి చెప్పక్కర్లేదు, ఆరేసిన బట్టలు పక్క వీధిలో వెతుక్కోవాలి. కృష్ణకి నీళ్లు కూడా ముందే వచ్చాయి. ఆదివారం పూట ముక్త్యాల దగ్గర ఏటిలోకి దిగుతానన్నారు. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసే మిత్రుడొకాయన ఒడ్డున గాలిపటం పట్టుకుని సాయం చేస్తానన్నాడట.

"తలకేం పెట్టుకుంటున్నారు?" అన్నాను.

"నీళ్లలో పడితే తలెందుకు పగుల్తుందే? నీళ్లేగా," అన్నారు.

నాకు ఈత కూడా రాదు. కానీ ఫోన్లో వీడియోలు చూడటం వచ్చు. పడేది నీళ్లలోనే అయినా కాళ్ల కింది బల్ల ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. గాలి ఒక్కసారి విసిరిందంటే మనిషిని నీళ్లలోంచి ఒడ్డు మీదికి ఈడ్చుకుపోతుంది. సముద్రం ఒడ్డున ఇసుకైనా ఉంటుంది, మా ఏటి ఒడ్డున ఉన్నవి బండరాళ్లు. ఇదంతా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. లారీ డ్రైవర్లకి హెల్మెట్ పాఠాలు చెప్పే మనిషి దగ్గర అది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి ఆ ఆదివారం సంచి నేను మంచం కిందికి తోసి, దాని ముందు నేనే కూచుంటే, అప్పుడు ఆర్డరు పెట్టారు. నీలం హెల్మెట్ అట్లా వచ్చింది. తేలిగ్గా ఉంది, చెవుల దగ్గర కన్నాలు, నీళ్లు కారిపోవడానికి పైన చీలికలు, గడ్డం కింద పట్టీ, పట్టీకి క్లిప్పు. క్లిప్పు ఒక కొస ఇంకో కొసలోకి దూరితే టక్‌మని పడుతుంది. నా గుండె కుదుటపడింది.

ఆ కుదురు రెండు రోజులు కూడా నిలవలేదు. మా ఇంట్లో కొత్త బండి ఏది వచ్చినా ముందు పెనుగంచిప్రోలు అమ్మవారి దగ్గరికి వెళ్లాల్సిందే. ట్రాక్టరు వెళ్లింది, స్కూటరు వెళ్లింది, మా ఆడపడుచు వాళ్ల కారు వెళ్లింది. మా అత్తయ్య దృష్టిలో గాలిపటం కూడా బండే. మనిషిని ఎక్కించుకుని పోయేది ఏదైనా బండే కదా అన్నారు. నేను బడికి వెళ్లిన పూట ఆటో మాట్లాడుకుని సంచీ, బల్లా, హెల్మెట్టూ అన్నీ తీసుకెళ్లారు. సాయంత్రం వచ్చేసరికి బల్లకి పసుపు, సంచికి కుంకుమ, హెల్మెట్ నుదుటి మీద పెద్ద బొట్టు. బొట్టుతో నాకు పేచీ లేదు, తడిస్తే పోతుంది. పట్టీ చూశాను. అమ్మవారి దగ్గర తెచ్చిన ఎర్రతాడు సరిగ్గా ఆ క్లిప్పు కొస చుట్టూ చుట్టి, మూడు ముళ్లు వేసి ఉంది. మా పెళ్లిలో ఆయన వేసినవి కూడా అంత గట్టిగా లేవు.

"అత్తయ్యా, ఇక్కడ కట్టారేంటండి? క్లిప్పు పడదు."

"ఇంకెక్కడ కట్టేది? కన్నాలున్న చోట కడితే జారిపోద్ది. అక్కడైతే గట్టిగా ఉంటది."

"విప్పి ఇంకో చోట కడదామండి."

"కట్టిన తాడు విప్పకూడదమ్మా. దానంతటదే తెగాలి."

ఈ నియమం నాకు తెలియంది కాదు. మా ఇంట్లో ఎవరి చేతికి తాడు కట్టినా అది రంగు వెలిసి, పీచు తేలి, స్నానంలో ఊడిపోయేదాకా ఎవరూ ముట్టుకోరు. కానీ చేతికి కట్టిన తాడు వేరు, తలని కాపాడే క్లిప్పుకి కట్టిన తాడు వేరు. అది తెగేలోపు తెగాల్సింది ఇంకేదో తెగుతుంది కదా అని నా భయం. ఆయన్ని పిలిచాను. హెల్మెట్ తలకి పెట్టి, ముందు అంచు పట్టుకుని ఒక్క వేలితో పైకి తోశాను. ఊడి వెనక్కి పడింది.

"చూశారా?"

"ఇప్పుడు నువ్వు తోశావు కాబట్టి ఊడింది. ఏట్లో ఎవరు తోస్తారు?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ బాధపడుద్ది. వదిలెయ్, కొన్నాళ్లకి అదే తెగిపోద్ది," అన్నారు.

నేను కత్తెర తెచ్చాను. అత్తయ్య అడ్డం రాలేదు. వస్తే పోట్లాడేదాన్నే. కుర్చీలో కూచునే, "కొయ్యమ్మా, నీ ఇష్టం. రేపు ఏదన్నా అయితే మాత్రం నన్నడగొద్దు," అన్నారు.

ఆ మాట విన్నాక కత్తెర పట్టుకున్న చెయ్యి ఎటూ కదలదు. తాడు కోసి ఆయనకి ఏదన్నా అయితే కోసింది నేను. కొయ్యకుండా ఏదన్నా అయితే ఆ పగిలిన తలతో పాట్లు మళ్లీ నావే. కోడలిగా ఇన్నేళ్లలో ఇంత చక్కగా నన్ను ఎవరూ ఇరికించలేదు. కత్తెర తీసుకెళ్లి వంటింట్లో విసిరేశాను. పాపం కత్తెరేం చేసింది.

తర్వాతి ఆదివారం ఏటికి వెళ్లాం. అత్తయ్య కూడా వస్తానన్నారు. పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసా పట్టుకుని ఒడ్డున గట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని కూచున్నారు. ఆయన నడుముకి బెల్టు, ఒంటికి తేలే జాకెట్టు, నెత్తి మీద మూతలాగా హెల్మెట్. పట్టీ రెండు కొసలూ చెవుల పక్కన ఊగుతున్నాయి, ఒకదానికి ఎర్రతాడు. మిత్రుడు ఒడ్డున గాలిపటం ఎత్తి పట్టుకున్నాడు. ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి బొటనవేలు చూపించగానే వదిలాడు.

ఉన్నమాట చెప్పాలి, ఆ దృశ్యం బాగుంది. కూరల సంచి మోయమంటే నడుం నొప్పనే మనిషి ఏటి మీద అటు చివరికీ ఇటు చివరికీ కొంగలా పోతున్నారు. అత్తయ్య నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను మాత్రం ఆ పట్టీనే చూస్తున్నాను. అంత దూరానికి కనపడదని తెలిసినా దాన్నే చూస్తున్నాను.

తిరిగి ఒడ్డు వైపు వస్తుండగా గాలి విసిరింది. గాలిపటం ఒక్క ఊపున పక్కకి వాలింది, ఆయన నీళ్లలో బోర్లా పడ్డారు. హెల్మెట్‌లోకి నీళ్లు తోసుకొచ్చి అది చెంబులా లేచి ఊడిపోవడం నేను చూశాను. వెనకే కాలి కింది బల్ల తిరగబడి మొహానికి తగిలింది. గాలిపటం వదల్లేదు. ఆయన్ని అట్లాగే రాళ్ల వైపు లాక్కొస్తోంది. అత్తయ్య లేచి నిలబడి కొడుకుని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తున్నారు.

నడుం దగ్గర ఒక పిడి ఉంటుంది, అది లాగితే గాలిపటం బలం పోయి కూలిపోతుంది. ఆయన లాగారు. లాగేసరికి మొదటి బండరాయికీ ఆ ఉత్త తలకీ మధ్య నేను కాళ్లు చాపుకుంటే పట్టేంత చోటు మిగిలింది. మిత్రుడు దిగి పైకి తీసుకొచ్చాడు. కనుబొమ పైన చీరుకుపోయి మొహమంతా రక్తం. నీలం హెల్మెట్ తేలుకుంటూ పోతుంటే అదీ అతనే ఈది పట్టుకొచ్చాడు.

జగ్గయ్యపేట ఆసుపత్రిలో కుట్లు వేస్తూ డాక్టరు, "హెల్మెట్ పెట్టుకోలేదా?" అని అడిగాడు.

"పెట్టుకున్నానండి," అన్నారు మా ఆయన.

"పెట్టుకుంటే ఇదెట్లా తగిలింది?"

జవాబు తెలిసినవాళ్లం ఆ గదిలో ముగ్గురం ఉన్నాం.

ఇంటికొచ్చేసరికి పక్కింటి పిన్నిగారు సిద్ధంగా ఉన్నారు. అంతా విని, "ఆ తాడు ఉండబట్టి సరిపోయింది. అమ్మవారే కాపాడింది," అన్నారు. నాలో ఏదో తెగింది. తాడు మాత్రం తెగలేదు, ఏటి నీళ్లలో నాని ఇంకా బిగుసుకుంది. "ఆ తాడు ఉండబట్టే ఊడిపోయిందండీ హెల్మెట్," అన్నాను. గట్టిగానే అన్నాను. పిన్నిగారు ఇంట్లో పాలు పొయ్యి మీద ఉన్నాయని వెళ్లిపోయారు.

ఆయన మందులు మింగి పడుకున్నారు. నేను ఏటి బట్టలు జాడించి వచ్చేసరికి అత్తయ్య వసారాలో హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. గోళ్లతో ముడి గిల్లుతున్నారు. అది రావడం లేదు. పంటితో పట్టి లాగుతున్నారు. కత్తెర తెచ్చి ఇచ్చాను. తీసుకోలేదు.

"నేను కట్టా, నేనే విప్పుతా. కొయ్యను," అన్నారు.

చాలాసేపు పట్టింది. రెండు ముళ్లు వచ్చాయి, మూడోది రాలేదు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ మొదలుపెట్టారు. తల ఎత్తకుండానే అన్నారు, "వాడు ఏడికి పోయినా నాకు చేతనైంది ఒక తాడు కట్టటం. ఫ్యాక్టరీకి పోయేటప్పుడూ కట్టా, తూత్తుకుడి పోయేటప్పుడూ కట్టా. ఇది కట్టేటప్పుడు కూడా, ఊడిపోకుండా మంచి జాగా చూసి కట్టాననుకున్నా. మీరు క్లిప్పంటారు, పట్టీ అంటారు. అదేం చేస్తదో నాకెవరు చూపిచ్చారు?"

నాకు కోపం పోలేదు. అత్తయ్య మీద మాత్రం నిలవలేదు. పక్కన కూచున్నాను. మూడో ముడి ఇద్దరం కలిసి పిన్నీసుతో తీశాం. ఎర్రతాడు హెల్మెట్ పైన చీలికల్లోంచి దూర్చి ఆవిడే మళ్లీ కట్టారు. అప్పుడు క్లిప్పు చూపించాను. ఇది ఇందులోకి దూరాలి, చప్పుడు రావాలి, వచ్చాక లాగి చూడాలి. ఆవిడ వేసి చూశారు. టక్‌మంది. తీసి మళ్లీ వేశారు. లాగి చూశారు. "ఇంతేనా," అన్నారు. ఎందుకో కళ్లు తుడుచుకున్నారు.

కుట్లు తీశాక ఒక పొద్దున నన్ను నందిగామ దింపడానికి ఆయన బండి తీశారు. నా హెల్మెట్ నా తలకే ఉంది. ఆయనది అద్దానికి ఉంది. కనుబొమ మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది, అయినా అద్దానికే ఉంది. ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు. తల ప్రాణం తోకకొచ్చాక మాటలేం వస్తాయి.

అత్తయ్య వంటింట్లోంచి బయటికొచ్చారు. చేతికి పిండి. కొంగుకి తుడుచుకుని, అద్దానికున్న హెల్మెట్ తీసి, ఏమీ అడక్కుండా కొడుకు తలకి తొడిగారు. గడ్డం కింద పట్టీ రెండు కొసలూ దొరకపుచ్చుకున్నారు. ఆయన అంత మనిషీ బండి మీద కూచునే మెడ పైకెత్తి పట్టుకున్నారు.

"అమ్మా, ఊపిరాడట్లా."

"ఆడుద్దిలే," అన్నారు. టక్‌మంది. లాగి చూశారు. ఇంకోసారి లాగి చూసి లోపలికి వెళ్లిపోయారు.

ఆ రోజు హైవే మీద కెమెరా వచ్చింది, వెళ్లింది. వెనక కూచున్న నేను ఆయన చెయ్యి గడ్డం దగ్గరికి వెళుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. ఒకసారి వెళ్లింది. క్లిప్పు తడిమి, తియ్యకుండా దిగింది.