వెనక చక్రాల తీగె

ధన్‌సింగ్‌ది నెల్లికుదురు దగ్గరి తండా. నాలుగో తరగతిలో బడి మానేసి లారీల కిందికి దూరినవాడు, నలభై దాటినా ఇంకా ఆ కిందనే ఉన్నాడు. భూపాలపల్లిలో బిక్షపతి షెడ్డులో బ్రేకుల పని అతనిదే. నడుము వంగిపోయింది. గ్రీజు కడిగినా పోదు. అక్క రాజీ మొగుడు చత్రు, బొగ్గు బావికి డీజిలు మోసే ట్యాంకరు నడుపుతాడు. ఆ బండి బ్రేకులు తన బామ్మర్ది తప్ప ఇంకెవరూ ముట్టుకోవద్దని చత్రు పట్టు.

ట్యాంకరు కొత్త రకం బండి. చక్రం లోపల పళ్ల రింగు, దాని పక్కన వేలెడంత సెన్సరు, అక్కడి నుంచి క్యాబిన్‌లోని పెట్టెకు తీగ. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రం బిగిసి జారుతుంది. అలా బిగిసీ బిగియక ముందే పెట్టె వాల్వుతో బ్రేకులోని గాలి కొంచెం వదిలించి మళ్లీ పట్టిస్తుంది. కంపెనీ వాళ్లు వచ్చి ఇదంతా ఒకసారి చెప్పిపోయారు. షెడ్డులో వాళ్ల తలకెక్కింది మాత్రం ఒక్కటే. అది చెడితే క్యాబిన్‌లో పసుపు బత్తి వెలుగుతుంది, బ్రేకు ఎప్పటిలాగే పడుతుంది. అందుకే బత్తి ఆరకపోతే బల్బు పీకేసేవారు.

2011లో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బావులు ఆగాయి, బస్సులు ఆగాయి, ట్యాంకరు షెడ్డులో నిలబడింది. ఎదురుగానే సమ్మె టెంటు. ఒకరోజు మైకు తీగను ఏదో ట్రాక్టరు తొక్కి ముక్కలు చేసింది.

"ఏందిరా ధన్‌సింగ్, మావోళ్లు గొంతులు చించుకుంటున్రు. యాడనన్న తీగె దొరుకదా?" అన్నాడు బిక్షపతి.

"దుకాణాలు బంద్ పెట్టించింది మీరే. ఇగ తీగె నేనేడికెల్లి తేవాలె అన్నా?"

"గా ట్యాంకరు కడుపు నిండ తీగెలే గదరా!"

అందరూ నవ్వారు. ధన్‌సింగ్ కూడా నవ్వి, బండి కిందికి దూరి, వెనక చక్రాల సెన్సర్ల తీగలు రెండూ కోసి తెచ్చాడు. బత్తి తీగెలే గదా అనుకున్నాడు. మైకు పలికింది. టెంటులో అతని పేరు చెప్పి చప్పట్లు కొట్టారు. అతని కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు.

సమ్మె ఆగిన మర్నాడే బండి కదలాలని దాని యజమాని కాంట్రాక్టరు హుకుం. చత్రు తాళం తిప్పగానే పసుపు బత్తి వెలిగింది.

"గీ బత్తేంది బామ్మర్ది?"

"ఏం గాదు బావా. కొత్త తీగె రాంగనే ఏస్త. బ్రేకు తొక్కి చూడు, ఎట్ల పడుతదో."

షెడ్డు ముందు పొడి నేల మీద తొక్కి చూశారు. బండి ఉన్నచోటే ఆగింది. ధన్‌సింగ్ బల్బు పీకేశాడు.

నాలుగో రోజు వాన. చిట్యాల దగ్గర పత్తి ట్రాక్టరొకటి అడ్డం వచ్చింది. చత్రు తొక్కాడు. ఖాళీ ట్యాంకరు వెనక భాగం గిర్రున తిరిగి, బండి చేలోకి దొర్లింది. వరంగల్ దవాఖానలో అతని కుడి కాలు మోకాలి దాకా తీసేశారు. తాగి నడిపాడని కాంట్రాక్టరు ఠాణాలో రాయించాడు. ఆ రోజు చత్రు చుక్క ముట్టలేదు.

ధన్‌సింగ్ ఆ చోటుకు పోయి చూశాడు. రోడ్డు పక్క బురదలో టైరు అచ్చు ఎక్కడా లేదు. నాగలి దున్నినట్టు రెండు నున్నటి చాళ్లున్నాయి. వెనక చక్రాలు తిరగలేదు, బిగిసిపోయి జారాయి. అతను అక్కడే కూలబడ్డాడు.

దవాఖానలో మంచం పక్కన నిలబడి చెప్పాడు. "బావా, వెనక తీగెలు నేనే కోసిన. మైకు కోసం."

"కన్ను మూతవడ్డదేమో అని ఇన్ని దినాలు నన్ను నేనే తిట్టుకున్న గదరా," అని చత్రు మొహం తిప్పుకున్నాడు.

రాజీ ఏడవలేదు. "గీ మాట ఈడ గాదు తమ్మీ, ఠాణల చెప్పు. తాగుబోతోని పిల్లలంటుంటే మా పోరగాండ్లు బడికి పోతలేరు," అంది.

ఠాణాకు పోయే దారిలో బిక్షపతి ఆపాడు. "సమ్మె కోసం కోసిన్నంటవా? అందరిని కేసులకు గుంజుతవారా?"

"నేను కోసిన్నని చెప్త అన్నా. గంతే."

అంతే చెప్పాడు. తాగాడన్న కేసు చత్రు మీద నుంచి పోయింది. నిర్లక్ష్యం కేసు ధన్‌సింగ్ మీద పడింది, షెడ్డు పని పోయింది. వాయిదాల మీద వాయిదాలు నడుస్తుండగానే రాష్ట్రం వచ్చింది. ఆ ఎండాకాలం దాటాక చత్రు చంకకర్రల మీద కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాడు.

"తీగలు ఎవరు కోశారు?"

"మా బామ్మర్ది, సార్."

జడ్జి ధన్‌సింగ్ వైపు తిరిగాడు. "ఎందుకు కోశావు?"

వెనక బెంచీలో బిక్షపతి తల దించుకుని కూర్చున్నాడు.

"తెల్వక కోసిన సార్," అన్నాడు ధన్‌సింగ్.

ఆరు నెలల జైలు పడింది. పోలీసు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, రాజీ మొగుణ్ణి ఒక్కొక్క మెట్టు దింపుతూ కనిపించింది. ఇద్దరిలో ఎవరూ అతని వైపు తల తిప్పలేదు. వాళ్లు ఆటో ఎక్కేదాకా పోలీసును జర ఆగమని అడిగి ధన్‌సింగ్ నిలబడ్డాడు.