గిన్నె మీద ఊపిరి

నాకు కోపం వస్తే ఒళ్ళు తెలియదు. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, కానీ ఆ రోజు గురించి రాయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తడ దగ్గర మా ల్యాబు. కోట ఊరి చెరువుల్లో తెల్లమచ్చల తెగులుతో చచ్చిన రొయ్యల నుంచి ఆ తెగులు తెచ్చే వైరస్ ప్రోటీన్ ఒకటి నానా తంటాలు పడి తీశాం. దాని ఆకారం చూడాలంటే గ్రిడ్డు అనే చిన్న రాగి జల్లెడ మీద చుక్క వేసి, రెప్పపాటులో గడ్డకట్టించి, లిక్విడ్ నైట్రోజన్ గిన్నెలో ఉంచి, ఆపైన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టాలి. గిన్నెలోకి తేమ చేరిందా, అది గరుకు మంచుగా మారి గ్రిడ్డును కప్పేస్తుంది. ఫోటోలో ఇక ప్రోటీన్ కనబడదు.

మూడు రోజులుగా మాకు కనబడింది ఆ గరుకే. సీసాలో ఒక్క చుక్క మిగిలింది. మైక్రోస్కోపు మాకిచ్చింది ఆ సాయంత్రం వరకే.

సముద్రపు గాలిని తిట్టాను, ఏసీని తిట్టాను. అన్నిటికంటే ఎక్కువ మా టెక్నీషియన్ అక్కను తిట్టాను. చిట్టమూరు వైపు రైతుల ఇంటి మనిషి, నాకంటే పెద్దది. తలుపు సరిగా వేయలేదని, పట్టకారు ఆరబెట్టలేదని గిన్నె ముందే నిలబెట్టి దులిపేశాను. ఆమె పట్టకారు తీసుకుని మళ్ళీ ఆరబెట్టింది. తప్పు ఒప్పుకున్నట్టేననుకున్నాను.

చివరి చుక్క తీసేముందు మళ్ళీ తిట్లు అందుకున్నాను. ఈసారి ఆమె గిన్నె మీద మూత పెట్టేసింది.

“తిట్టేటప్పుడు మాస్కు కిందికి లాగతారు మేడమ్. దీని మీదికే వంగి తిడతారు. మూడు దినాల నుంచి చూస్తా ఉండా.”

ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

“మీరు చెప్పనిస్తే గదా.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఊపిరిలో ఎంత తేమ ఉంటుందో విద్యార్థులకు పాఠం చెప్పేది నేనే. చుక్క ఆమెనే వెయ్యమన్నాను. మాస్కు కళ్ళ కిందిదాకా లాక్కుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇదీ పోతే మళ్ళీ చెరువుల గట్ల మీద చచ్చిన రొయ్యల కోసం తిరగాల్సిందే.

మొదటి ఫోటో వచ్చింది. గరుకు లేదు. పల్చటి బూడిద రంగు మీద చిన్న చిన్న నల్ల చుక్కలు, తెర నిండా. అవే మా ప్రోటీన్. నాకు ఏడుపొచ్చింది.

పని ముగిశాక గ్రిడ్డును దాచడానికి ఆమె మళ్ళీ గిన్నె తెరిచింది. క్షమించమని అడుగుదామని దగ్గరికి వెళ్ళాను. చెయ్యి అలవాటుగా మాస్కు మీదికి పోయింది.

“మూత వేసినాక చెప్పండి మేడమ్,” అంది, తల ఎత్తకుండానే.

ఆమె మూత వేసేదాకా నోరు మూసుకుని నిలబడ్డాను.