వంతెన దిగాక

మా వీధి చివర కాలువ మీద పాత వంతెన బాగా ఎత్తు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మావారి స్కూటరు ఇద్దరినీ మోస్తూ దాన్ని ఎక్కలేకపోయేది. “దిగి నడిచొచ్చెయ్యవే,” అనేవారు. “ఈ డొక్కు బండి అమ్మేద్దురూ,” అని విసుక్కుంటూ, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచేదాన్ని. ఆయన అవతల ఇంజను ఆపకుండా, వెనక్కి తిరిగి నాకోసం చూస్తూ ఉండేవారు.

ఆయన పోయిన మరుసటి ఏడు నేనే స్కూటీ కొన్నాను. “ఈ వయసులో బండెందుకండీ, ఆటో మాట్లాడుకోండి,” అంది పక్కింటావిడ.

“పడితే లేస్తానండీ,” అన్నాను.

కొబ్బరితోట పక్క మట్టిరోడ్డు మీద నేర్చుకున్నాను. పడ్డాను, లేచాను. మోకాలి దెబ్బ మానకముందే మళ్ళీ ఎక్కాను.

ఆ ఆదివారం మొదటిసారి ఒక్కదాన్నే చర్చికి బయలుదేరాను. స్కూటీ ఆ వంతెనను ఇట్టే ఎక్కేసింది. గర్వంతో నవ్వొచ్చింది. అవతల దిగగానే ఎందుకో బ్రేకు వేసి, ఇంజను ఆపకుండా వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయాను.

నడిచి రావలసినవాళ్ళెవరూ లేరని చర్చి గంట మోగేదాకా తట్టలేదు.