కొబ్బరినూనె రాసిన హోస్

కోలారు బంగారు గనుల దగ్గరి రాబర్ట్‌సన్‌పేటలో నేను వెళ్లే సెలూన్ అతనికి ఒక దురలవాటు ఉంది. జుట్టు కత్తిరించడం అయ్యాక, మనం వద్దనేలోపే, అరచేతి నిండా కొబ్బరినూనె పోసుకుని తలకు పట్టించేస్తాడు. చొక్కా కాలర్ పాడు, ఇంటికెళ్తే దిండు పాడు. ఎందుకయ్యా అంటే, “నూనె మంచిదే గద సార్, యాడ రాస్తే ఏం పోతాది?” అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మంట తల గురించి కాదు, ఒక కారు గురించి.

రెండేళ్ల కిందట, దసరా వెళ్లిన నెలలో ఆ కారు మా గ్యారేజీకి వచ్చింది. వచ్చింది అనడం మర్యాద కోసం. తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి గ్యారేజీ పెట్టుకున్నవాణ్ణి. నాకింకా ఉద్యోగం దొరకలేదని మా బంధువుల్లో కొందరి నమ్మకం. నేను ఖండించలేదు.

కారు డీజిల్ టర్బో బండి. యజమాని బజారులో ధాన్యం దుకాణం నడిపే నాగరాజప్ప గారు. దిగుతూనే, “ఆ ఆంథోనీ గాడు నా బండిని నాశనం చేసి పాయినాడప్పా” అన్నారు.

ఆంథోనీ వారి దగ్గర చాలా ఏళ్లుగా డ్రైవరు. తండ్రి గనిలో పనిచేసినాయన. జరిగింది ఇదీ: దసరా వెళ్లాక ఒకరోజు గౌనిపల్లి వైపు వెళ్తూ లారీని దాటుతుండగా బానెట్ కింద ఢామ్మని చప్పుడైంది. బండికి లాగే బలం పోయింది. ఎదురుగా బస్సు. వెనక సీట్లో నాగరాజప్ప గారి తల్లి. ఆంథోనీ ఎలాగో పక్కకు లాగి కాపాడాడు. తర్వాత మరోసారి అదే చప్పుడు, అదే తంతు. ఇక ఊరుకోలేదు నాగరాజప్ప గారు. దుకాణం ముందు నలుగురూ నిలబడి చూస్తుండగా, “తాగి రేసు పెడతాడు, మా అమ్మను చంపబోయినాడు” అని అరిచి తాళం లాక్కున్నారు. ఆంథోనీ తాగడు. కానీ రాబర్ట్‌సన్‌పేటలో ఆ మాట విన్న ఎవరూ అతన్ని మళ్లీ స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. రోజూ తెల్లారే మారికుప్పంలో రైలెక్కి పోయి బెంగళూరులో వాచ్‌మన్ పని వెతుక్కుంటున్నాడని విన్నాను.

“మరి ఇప్పుడు బండి నడిపిందెవరన్నా?” అని అడిగాను.

“నేనే. కోలారు దారిలో ఎత్తు ఎక్కతా ఉంటే మళ్లా ఢామ్మన్నాది.”

“మీరూ రేసు పెట్టారా?”

ఆయనకు ఆ ప్రశ్న నచ్చలేదు.

తెలియనివారి కోసం కొంచెం వివరం. ఇంజిన్ వదిలే పొగ వేగంతో తిరిగే చక్రం గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టడమే టర్బో. ఒత్తితే గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే జల్లెడ లాంటి డబ్బా ఇంటర్‌కూలర్. ఈ రెంటినీ ఇంజిన్‌తో కలిపేవి లావుపాటి రబ్బరు హోస్‌లు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా లోపలి గాలి ఆ హోస్‌ని పైపు మీంచి ఊడగొట్టాలని తోస్తుంది. రబ్బరు పైపును కరిచి పట్టుకోవాలి, చుట్టూ ఉన్న ఇనప పట్టీ, అంటే క్లాంప్, దాన్ని అదిమి ఉంచాలి. ఈ పట్టు పోతే ఢామ్. ఎత్తులోనూ, దాటేటప్పుడూ, అంటే బలం కావలసిన సమయంలోనే పోతుంది.

బానెట్ ఎత్తి చూశాను. అంతకుముందు బాగుచేసిన మెకానిక్ ఒక క్లాంప్ చాలదని రెండోది బిగించాడు. ఎంత బిగించాడంటే రబ్బరు కోసుకుపోయింది. హోస్‌ని చేత్తో లాగితే జారి వచ్చేసింది. లోపల వేలు పెడితే నున్నగా ఉంది. ఇంజిన్ ఆయిల్ ఆవిరి కొంచెం చేరడం మామూలే, కానీ అది నల్లగా, మాడు వాసనతో ఉంటుంది. ఇది మా సెలూన్ వాసన వేస్తోంది. హోస్ మీద కుంకుమ బొట్టు కూడా ఉంది.

“నాగరాజన్నా, దీనికి కొబ్బరినూనె ఎవరు రాశారు?”

“నేనే గదప్పా!” అన్నారు గర్వంగా. “ఆయుధపూజకి కాటా, తూకం రాళ్లు, అన్నిట్నీ కడిగి నూనె రాసేది మా నాయన కాలం నుంచీ ఉండాది. బండి మాత్రం ఏం పాపం చేసినాది? పైపులన్నీ ఊడదీయించి, లోపలా బయటా రాసినాను. రబ్బరు పగలదు, మళ్లా సులువుగా ఎక్కతాది.”

“ఎక్కడం సులువైతే దిగడమూ సులువే కదన్నా!”

“అంటే?”

“ఊడిన తర్వాత మళ్లీ రాశారా?”

“ప్రతిసారీ దగ్గరుండి రాయించినాను. లేకుంటే మెకానిక్కులు నూనె ఎగ్గొడతారు గదా!”

నేను చాలాసేపు పానా తుడుచుకున్నాను. పానా అప్పటికే శుభ్రంగా ఉంది. కాటాకు నూనె రాస్తే కాటా మెరుస్తుంది. ఇక్కడ రాస్తే ఒక మనిషి బతుకు జారిపోయింది. రాసినాయనేమో బజారులో గట్టిగా అరిచి, ఇంటికి పోయి సుఖంగా భోంచేశాడు. కోపం రాకుండా ఉండాలంటే నేను రబ్బరుతో చేసినవాణ్ణయి ఉండాలి.

నూనె పీల్చి ఉబ్బిన హోస్ పారేసి కొత్తది తెప్పించాను. పైపు కొసని బ్రేక్ క్లీనర్‌తో కడిగి పొడిగుడ్డతో తుడిచాను. ఆ కొసన చిన్న గట్టు ఉంటుంది, దాన్ని బీడ్ అంటారు. హోస్ దాన్ని దాటి లోపలికి కూర్చోవాలి, క్లాంప్ ఆ గట్టు మీద కాకుండా వెనక పడాలి. చుట్టూ సమంగా అదిమే టీ-బోల్ట్ క్లాంప్ వేసి, రబ్బరు కోసుకోనంత వరకే బిగించాను. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూసి బిగించాలి. ఇంతే విద్య. ఇందులో నూనెకు చోటు లేదు, హోస్ ఊడింది దానివల్లేనని నాగరాజప్ప గారికి విడమరిచి చెప్పాను.

“ఎత్తులో నడిపి చూడాలి. ఆంథోనీ నడిపితేనే బండి ఇస్తాను” అన్నాను. నాగరాజప్ప గారు గొణిగారు గానీ ఒప్పుకున్నారు. కబురు పెడితే ఆంథోనీ వచ్చాడు. అదే కోలారు దారి, అదే ఎత్తు. సావుకారు వెనక సీట్లో, నేను ముందు. ఆంథోనీ యాక్సిలరేటర్ బాగా తొక్కాడు. బండి ఈల వేసుకుంటూ ఎక్కింది.

ఎంత బిగించామన్నది కాదు, పట్టు ఎక్కడ జారిందో ముందు చూడాలని ఆ కేసు నాకు నేర్పింది. ఆ పాఠం హోస్‌లకు మాత్రమే కాదని కాసేపటికే తెలిసింది.

గ్యారేజీలో దిగాక నాగరాజప్ప గారు నా బల్లకేసి చూస్తూ, ఇంచుమించు దానితోనే చెప్పినట్టు, “సరేప్పా ఆంథోనీ, అయింది అయిపాయ. రేపట్నుంచి వచ్చేయ్” అన్నారు.

ఆంథోనీ తాళం ఆయన చేతిలో పెట్టాడు.

“బజార్లో నలుగురి ముందర తాగుబోతని అంటివి సావుకారూ. ఇప్పుడు గ్యారేజీలో గుట్టుగా పిలిస్తే ఎట్లా?”